సరదాగా మొదలుపెట్టిన రెండూ మెడకి చుట్టుకున్నాయి, ఏది మానెయ్యాలి?

ఈ వారం ఉత్తరం బెంగళూరు నుంచి, మహదేవపుర వైపు నుంచి వచ్చింది. రాసినావిడది పాలకొల్లు దగ్గర పల్లె. ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నారు. ఇంట్లో భర్త, ఒకటో తరగతి చదివే పాప, దసరాకి వచ్చి ఉగాది దాకా ఉండే అత్తగారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి కుదించి చెబుతాను.

ఆవిడకి రెండు సరదాలు. వాళ్ళ నాన్నగారు ఎప్పుడో డీటీపీ చేయించుకున్న వ్యాసాలు కొత్త కంప్యూటర్‌లో పిచ్చిగీతల్లా కనిపిస్తుంటే, పాత 'అను' ఫాంట్ల తెలుగును, ఇప్పటి కంప్యూటర్లు చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం రాసుకుని, సోర్స్ కోడ్‌తో సహా, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే ఎంఐటీ లైసెన్స్ కింద అందరికీ ఉచితంగా పెట్టారు. రెండో సరదా మిఠాయిలు. పూతరేకులు తప్ప మన వైపు చేసుకునేవన్నీ ఇంట్లోనే చేస్తారు, చుట్టుపక్కల ఫ్లాట్లకి పంచుతారు.

ఇప్పుడు ప్రోగ్రాం వాడే ఒక ప్రెస్సాయన అర్ధరాత్రి మెయిల్ పెడుతున్నాడు: "పొద్దున్నే పుస్తకం ప్రింటుకి వెళ్ళాలి, వత్తులన్నీ తారుమారయ్యాయి, మీ వల్ల మా పని ఆగింది" అని. ముక్కూ మొహం తెలియని ఒక అబ్బాయి "మీకు టైం లేకపోతే నాకు అప్పగించెయ్యండి" అని వారం వారం రాస్తున్నాడు. విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచీ అపార్ట్‌మెంట్ వాళ్ళు పాత లాప్‌టాప్‌లు చంకన పెట్టుకొచ్చి, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసిపెట్టమంటున్నారు. దసరాకి మిఠాయి తిన్నవాళ్ళు దీపావళికి "కిలో సున్నుండలు చేసివ్వండి, డబ్బులిస్తాం" అని అడిగి కిలోకి నాలుగొందలు చేతిలో పెట్టారు, ముడిసరుకే మూడొందలు దాటిందట. సంక్రాంతి అరిసెలకైతే ఈవిడని అడక్కుండానే వాట్సాప్ గ్రూపులో లిస్టు తయారైంది, 18 కిలోలకి. ఎదురు ఫ్లాటు కన్నడావిడ ఇదివరకు ఖాళీ డబ్బాలో కాయి హోళిగె (కొబ్బరి బొబ్బట్లు) పెట్టి తిరిగిచ్చేవారట, ఇప్పుడు డబ్బా ఇచ్చి యూపీఐ కొడుతున్నారట.

భర్త "ఆ ఉచిత సేవ మానేసి మిఠాయిల బిజినెస్ పెట్టు" అంటున్నారు. అత్తగారు "ఆఫీసు నుంచొచ్చి మళ్ళీ ఆ పెట్టె ముందేనా" అంటున్నారు. "రెండిట్లో ఏది మానెయ్యాలి? వంటింట్లోకి వెళ్ళాలన్నా, లాప్‌టాప్ తెరవాలన్నా టెన్షన్ వచ్చేస్తోంది" అని ముగించారు.

సమాధానం:

మీ ఉత్తరాన్ని మీకే రెండు చోట్ల చూపిస్తాను, ఎందుకంటే ఆ రెండూ మీరు గబగబా దాటేశారు.

మొదటిది. నెయ్యి రేటు గురించి రాస్తూ రాస్తూ మధ్యలో "ఆగస్టులో ఈయన్ని కంపెనీలో తీసేశారు, ఇంకా వెతుకుతున్నారు, ఈఎంఐ నా జీతం మీదే నడుస్తోంది" అని ఒక్క ముక్క రాసి, వెంటనే మళ్ళీ నెయ్యిలోకి వెళ్ళిపోయారు. అసలు సంగతి చాలావరకు అక్కడే ఉంది కదండీ. నెలల తరబడి ఇంట్లో కూర్చుని రోజుకి నాలుగు చోట్ల రెజ్యూమె పంపుతున్న మనిషికి, భార్య అర్ధరాత్రి ఎవరో ప్రెస్సాయన కోసం పైసా తీసుకోకుండా పనిచేస్తుంటే ఎలా కనిపిస్తుందో ఒకసారి ఊహించండి. నేను ఆయన్ని వెనకేసుకు రావడం లేదు, "ఉచిత సేవ" అన్న మాట మీకు ఎక్కడ గుచ్చుకుందో కూడా తెలుస్తోంది. కానీ ఆయన మిఠాయిల బిజినెస్ అంటున్నది మీ చేతి రుచి మీద నమ్మకంతోనా, వచ్చే నెల ఈఎంఐ భయంతోనా అన్నది మీరు ఇంకా అడగలేదు. ఆ మాట అడక్కుండా ఏ సరదా మానేసినా గొడవ అక్కడే ఉంటుంది.

రెండోది అరిసెల పాకం గురించి మీరు రాసిన పేరా. మొత్తం ఉత్తరంలో మీరు సంతోషంగా రాసింది అదొక్కటే, ఆ సంతోషం నాక్కూడా అంటుకుంది. మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను, ఈవిడ ఏం చేశారంటే: ఊళ్ళో అమ్మ చేస్తే మెత్తగా వచ్చే అరిసెలు బెంగళూరులో రాళ్ళలా వస్తుంటే, పాకానికి థర్మామీటర్ కొన్నారు. ఉండ పాకానికి పుస్తకాల్లో ఉండే లెక్క 112 నుంచి 116 డిగ్రీలు. సరిగ్గా 114 దగ్గర దించినా రాళ్ళే. చివరికి ఉత్త నీళ్ళు మరిగించి అందులో థర్మామీటర్ ముంచితే నూరుకి బదులు 97 చూపించిందట. థర్మామీటర్ పాడైందని తిరిగి ఇచ్చేయబోయి, ఆగి ఆలోచించారు. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిదొందల మీటర్లకి పైన ఉంది, గాలి ఒత్తిడి తక్కువ, అందుకని నీళ్ళు మూడు డిగ్రీలు ముందే మరుగుతాయి. పాలకొల్లులో 114 దగ్గర ఉండే చిక్కదనం ఇక్కడ 111 దగ్గరే వచ్చేస్తుంది, ఇంకా మూడు డిగ్రీలు ఆగితే పాకం ముదిరిపోయినట్టే. వాళ్ళమ్మగారు గిన్నెలో చన్నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, వేలితో ఉండ చేసి చూసే పద్ధతికి ఈ బాధే లేదు, అది ఏ ఊళ్ళోనైనా పనిచేస్తుంది. నాకు ఈ ఉత్తరంలో బాగా నచ్చింది ఇదే.

ఎందుకు ఇంతసేపు చెప్పానంటే, మీ ప్రోగ్రాం గురించి మీరు రాసిన మంచి మాటలు కూడా ఇలాంటివే. పాత ఫాంట్లో వత్తు అంటే కంటికి కనిపించే ఒక బొమ్మ, యూనికోడ్‌లో అయితే హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు అని వరసగా దాస్తారు, ఆ బొమ్మల్లోంచి వరస ఎలా రాబట్టాలో "స్త్రీ" అన్న ఒక్క మాట మీద రాత్రంతా కూర్చున్నానని రాశారు, ఆ రాత్రి గురించి విసుగు లేదు మీకు. మీకు ఇష్టమైంది చిక్కుముడి విప్పడం. విసుగు తెప్పిస్తున్నది సరఫరా. ప్రెస్సుకి గడువు లోపల సరఫరా, ఫ్లాట్లకి కిలోల లెక్కన సరఫరా. ఏ సరదా మానెయ్యాలని మీరు అడుగుతున్నారు గానీ, రెండిట్లోనూ మానెయ్యాల్సినంత తప్పు నాకేం కనిపించలేదు, ఇద్దరు ముగ్గురు మనుషులకి "కుదరదు" అని చెప్పడం మాత్రం మిగిలింది. బిజినెస్ ఆలోచన కూడా ఈ కంటితో చూడండి. మిఠాయిల వ్యాపారమంటే పాకం రహస్యం ఒక్కసారి కనిపెట్టి, ఆ తర్వాత అదే పాకం ప్రతి వారం అదే రుచితో వందసార్లు తియ్యడం. అందులో సంతోషం ఉన్నవాళ్ళు ఉంటారు. మీరు వాళ్ళలో ఒకరో కాదో నాకంటే మీకే తెలుసు.

సరే, డబ్బు సంగతి. మీ వారితో ఒక ఆదివారం కూర్చోండి, అత్తగారు గుడికి వెళ్ళిన టైం చూసుకుని. మిఠాయిల ఊసూ కంప్యూటర్ ఊసూ వద్దు. చేతిలో ఎంత ఉంది, మీ ఒక్క జీతంతో ఎన్నాళ్ళు గడుస్తుంది, ఏది ఆపచ్చు, ఏది ఆపకూడదు, అంతే. ఆ కాగితం అయ్యాక అరిసెల లెక్క కూడా వెయ్యండి, సరదాగానే. అరిసె నలభై గ్రాములనుకుంటే కిలోకి పాతిక, 18 కిలోలంటే 450 అరిసెలు. ముందు రోజు బియ్యం నానబెట్టాలి, తడి ఆరకుండా పిండి పట్టించి జల్లించాలి, పాకంలో పిండి పోసేటప్పుడు ఒకరు పొయ్యాలి, ఒకరు కలపాలి, ఆ తర్వాత 450 సార్లు తట్టి, నూనెలో వేసి, తీసి, చెక్కల మధ్య వత్తాలి. దీపావళి రేటు లెక్కన కిలోకి వంద మిగిలితే మొత్తం 1,800. అరిసెలకి సున్నుండలంత నెయ్యి పట్టదు కాబట్టి రెండొందలు మిగిలిందనుకున్నా 3,600. ఇది మీ ఈఎంఐలో ఏ మూలకి వస్తుంది? ఈ అంకెలు మీరు చెబితే వాదన అవుతుంది, ఆయన చేతే వేయించండి.

అంకెలు చూశాక కూడా ఆయనకి నిజంగానే పెట్టాలనిపిస్తే, అప్పుడది ఆయన వ్యాపారం కావాలి. మీకు పగలు ఉద్యోగం ఉంది, ఆయనకి ప్రస్తుతం టైం ఉంది. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇంటి గ్యాస్ సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు, కమర్షియల్ సిలిండర్ వేరేగా తీసుకోవాలి, మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నియమాల్లో ఇళ్ళలో వ్యాపారం గురించి ఏముందో చూడాలి. ఇవన్నీ తిరిగి, రేటు కట్టి, ఆర్డర్లు రాసుకుని, డబ్బాలు సర్ది, అవసరమైతే వంటకి ఒక మనిషిని పెట్టుకుని ఆయన నడిపితే, మీరు పాకం నేర్పించి పక్కకి తప్పుకోవచ్చు. దీనివల్ల ఆయనకి చేతినిండా పని దొరకచ్చు. లేదా "నేను చదివింది లడ్డూలు చుట్టడానికా" అని చిన్నబుచ్చుకోవచ్చు. అలా చిన్నబుచ్చుకుంటే మాత్రం, మీరు చుట్టడం ఆయనకి ఎందుకు చిన్నతనంగా కనిపించలేదో నెమ్మదిగా అడగండి. అత్తగారి ముందు కాదు.

బిజినెస్ వద్దనుకుంటే రెండు దారులు. ఒకటి, డబ్బు తీసుకోవడం పూర్తిగా మానేసి మళ్ళీ పంచిపెట్టడం, మీ ఇష్టమొచ్చినప్పుడు, మీ ఇష్టమొచ్చినంత. కొందరు ముఖం మాడ్చుకుంటారు, ఓ పండగ పోతే మర్చిపోతారు. ఎదురు ఫ్లాటావిడ డబ్బాలో మళ్ళీ హోళిగె రావచ్చు, నన్నడిగితే నాలుగొందల కంటే అదే లాభం. రెండోది, పండగకి ఒక్క రకం, అయిదు కిలోలకి మించకుండా, మీరు చెప్పిన రేటుకి, ముందు డబ్బు కట్టినవాళ్ళకే. ఇందులో కొంచెం డబ్బు ఉంది, కొంచెం గౌరవమూ ఉంది. కాకపోతే ఆరో కిలో అడిగినవాళ్ళకి ప్రతి పండక్కీ లేదని చెప్పాలి, మీ ఉత్తరం చదివాక అది మీకు తేలిక కాదనిపిస్తోంది. పైగా మనిషి దగ్గర ఒక్కసారి డబ్బు తీసుకున్నాక గట్టిగా వచ్చిన అరిసె గురించి మాటపడాల్సిందే, ఊరికే ఇచ్చినప్పుడు ఆ హక్కు ఎవరికీ ఉండదు.

ప్రెస్సాయనకి మాత్రం ఆ హక్కు లేనే లేదు. మీరు పెట్టిన ఎంఐటీ లైసెన్స్‌లో, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు అని స్పష్టంగా ఉంది. ఆయన చదవలేదు, ఎవరూ చదవరు. ప్రోగ్రాం పేజీ మొదట్లోనే మామూలు తెలుగులో నాలుగు ముక్కలు రాయండి: "ఇది నేను తీరిక దొరికినప్పుడు చేసే పని. తప్పు కనిపిస్తే ఒక పేజీ నమూనా పంపండి. నెలకోసారి చూస్తాను. గడువున్న పనికి దీని మీద ఆధారపడకండి." ఆయన ఈసారి రాస్తే ఆ లింకే పంపండి, క్షమాపణలు వద్దు. అర్జెంటు పనికి డబ్బు తీసుకుని చేసిపెట్టడం కూడా ఒక దారే. సోర్స్ కోడ్ ఉచితంగా ఇచ్చినంత మాత్రాన మీ టైం కూడా ఉచితంగా ఇవ్వాలని ఎక్కడా లేదు, ఇది మీ వారికి కూడా చెప్పచ్చు. కానీ అప్పుడు అర్ధరాత్రి మెయిల్‌కి జవాబివ్వక తప్పదు. మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి సంపాదన గురించి ఏముందో చూడకుండా ఆ దారిలో అడుగే వెయ్యకండి.

ఆ అబ్బాయి విషయం కాస్త జాగ్రత్త. చాలామటుకు ఇలాంటివాళ్ళు మంచి పిల్లలే, నేర్చుకుందామని వస్తారు. అయినా ఎక్స్‌జెడ్ కథ మీరు వినే ఉంటారు, 2024 మార్చిలో బయటపడింది. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే, ఫైళ్ళని కుదించే ఆ కంప్రెషన్ ప్రోగ్రాంని లాసె కాలిన్ అనే ఆయన ఏళ్ళ తరబడి జీతం లేకుండా చూసుకుంటూ వచ్చారు. ఆలస్యమవుతోందని జనం మీదపడితే, ఇది పైసా రాని హాబీ ప్రాజెక్టు అని 2022లోనే ఆయన చెప్పుకున్నారు కూడా. జియా టాన్ పేరుతో సాయానికొచ్చిన మనిషి నెమ్మదిగా నమ్మకం సంపాదించి, పెత్తనం చేతికొచ్చాక అందులో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్‌కి లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని అనుమానం రాబట్టి దొరికింది. మీ ఫాంట్ల ప్రోగ్రాం మీద ఎవరూ అంత కుట్ర చెయ్యరు, భయపెట్టాలని చెప్పడం లేదు. అలసిపోయిన మనిషి తాళాలు ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేస్తారని చెబుతున్నాను, మీరు ఇప్పుడు ఆ స్థితిలోనే ఉన్నారు. అయినా ఆ అబ్బాయి మిమ్మల్ని అడగాల్సిన అవసరమే లేదు కదా? మీ పేరూ లైసెన్సూ అలాగే ఉంచి, కోడ్ కాపీ చేసుకుని తనే వేరుగా నడుపుకోవచ్చు. అదే చెప్పి చూడండి. నిజంగా పని మీద ప్రేమ ఉంటే రెండు మూడు మంచి సవరణలు పంపిస్తాడు, మీరు చూసి కలుపుకోండి, కొత్త వెర్షన్ విడుదల చేసే తాళం మీ దగ్గరే పెట్టుకోండి. ఎలాగూ బెంగళూరులోనే ఉన్నారు, ఇక్కడ ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ సంఘం ఫాస్ యునైటెడ్ లాంటి వాళ్ళ మీటప్‌లు జరుగుతుంటాయి. ఓ శనివారం వెళ్ళండి. మొహం చూసి మాట్లాడిన మనిషితో పని పంచుకోవడం మెయిల్‌లో కంటే తేలిక. ఇవేవీ వద్దు, ఓపిక లేదు అనుకుంటే ఇక మార్పులుండవని చెప్పి ప్రోగ్రాంని ఆర్కైవ్ చేసెయ్యండి, కోడ్ ఎక్కడికీ పోదు, కావాల్సినవాళ్ళు తీసుకుంటారు.

1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ కూడా లినక్స్ గురించి మొదట చెప్పినప్పుడు, ఇది ఊరికే హాబీ, పెద్దదేం కాదు అనే రాశాడు. ఈ కథ మీ వారికి చెప్పి వాదన గెలవాలని చూడకండి. అలా మొదలై హాబీగానే ఉండిపోయినవి లెక్కలేనన్ని, ఉండిపోతే నష్టం కూడా లేదు.

ఒక విషయం మీరు అడగలేదు గానీ చెప్పాలి. కొన్ని సవరణలు లంచ్ టైంలో ఆఫీసు లాప్‌టాప్ మీద చేశానని రాశారు. అది ఈ రోజే ఆపెయ్యండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. మీది ఉద్యోగంలో భాగం కాదని మీకు తెలుసు, కంపెనీ లాప్‌టాప్‌లో కనిపిస్తే అది రుజువు చేసుకునే తిప్పలు మాత్రం మీవి. ఇంట్లో ఒకటే జీతం ఉన్నప్పుడు ఆ తిప్పలు మనకెందుకు? మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టి, ఇలా తీరికలో, సొంత కంప్యూటర్ మీద, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేని పని చేసుకుంటున్నానని చెప్పి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. చాలా కంపెనీల్లో దీనికి ఒక ఫారమే ఉంటుంది. వద్దంటారేమోనన్న భయం ఉంటుంది, నిజంగా వద్దంటే కనీసం ఎక్కడున్నారో తెలుస్తుంది.

లాప్‌టాప్‌ల వాళ్ళ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డులో డబ్బులిస్తే వేసిపెడతారని చెప్పండి. పాప క్లాస్‌మేట్‌దో, నిజంగా కొనుక్కోలేని వాళ్ళదో అయితే మీ ఇష్టం.

అత్తగారి మాట కూడా నేను మరీ పట్టించుకోను. ఆవిడ మీ స్క్రీన్ మీద చూసేది గీతలు, మీరు ఆఫీసు పని చేస్తున్నారో సొంత పని చేస్తున్నారో ఆవిడకి తేడా తెలియదు. మీ నాన్నగారి వ్యాసం ఒకటి పాత ఫాంట్లో ఎలా ఉందో, మారాక ఎలా ఉందో పక్కపక్కన పెట్టి ఆవిడ చేత చదివించండి. మార్పు వస్తుందని హామీ ఇవ్వను, ఆవిడ కళ్ళజోడు ఎక్కడుందో వెతకడంతోనే సరిపోవచ్చు.

వీటన్నిటికీ మీరు నెమ్మదిగా టైం తీసుకోండి, ఒక్క సంక్రాంతి లిస్టుకి తప్ప. దానికి ఈ వారంలోనే జవాబు చెప్పాలి. అయిదు కిలోలని చెప్పినా, అసలు చెయ్యనని చెప్పినా ఇప్పుడైతే జనం వేరే చోట ఆర్డర్ ఇచ్చుకుంటారు, భోగికి మూడు రోజుల ముందు చెబితే నిజంగానే తప్పు మీదవుతుంది. గ్రూపులో పెద్ద వివరణలు రాయకండి. "ఈసారి ఇంత మాత్రమే కుదురుతుందండి, ముందు చెప్పినవాళ్ళకి" అని ఒక్క మెసేజ్ పెట్టి, ఆ గ్రూపుని రెండు రోజులు మ్యూట్‌లో పెట్టండి.